ముందు దెబ్బ తిన్న బండి

పాత బండి కొనేవాళ్ళు మొదట రంగు చూస్తారు. తరువాత సీట్లు నొక్కి చూస్తారు. మరీ తెలివైనవాళ్ళయితే టైర్లని కాలితో తంతారు. ఎందుకు తంతారో వాళ్ళకీ తెలియదు, టైర్లకీ తెలియదు. మేస్త్రి మాత్రం ఏ బండి దగ్గరికి వెళ్ళినా ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు కళ్ళు మూసుకుంటాడు. చల్లగా ఉంటే తల ఊపుతాడు. వెచ్చగా ఉంటే "పొద్దున్నే ఎక్కడికన్నా వెళ్ళొచ్చారా?" అని అడుగుతాడు. చాలామంది ఆ ప్రశ్న దగ్గరే నీళ్ళు నములుతారు. చల్లటి ఇంజను మొరాయిస్తుందని తెలిసినవాళ్ళు, కొనేవాడు వచ్చేసరికి దాన్ని వేడిచేసి ఉంచుతారు మరి. ఆ అరచేతి అలవాటు వల్లే అతనికి నాడిమేస్త్రి అని పేరొచ్చింది. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.

ఆ రోజు పోర్టికోలో నిలబెట్టిన బండి కుండలా చల్లగా ఉంది.

"నిన్నట్నుంచీ స్టార్ట్ చెయ్యలేదు మేస్త్రీ," అన్నాడు పక్కనే నిలబడ్డ డ్రైవరు. "మీరొచ్చి చూస్తారని చెప్పారుగా. పొద్దున అమ్మగారు ఆసుపత్రికి అద్దెకారులో వెళ్ళొచ్చారు. చల్లటి బండి చూస్తేనే కదా మీకు తెలిసేది."

మేస్త్రి కళ్ళు తెరిచి ఆయన వైపు చూశాడు. అరవై దాటిన మనిషి. ఇస్త్రీ మడత చెదరని ప్యాంటు, భుజం మీద నాలుగు మడతలు పెట్టిన పసుపుపచ్చ గుడ్డ. అమ్మేవాళ్ళ తరఫు మనిషి నోట అలాంటి మాట మేస్త్రి అంతవరకు వినలేదు.

బండి కొనాలనుకుంటున్నది మేస్త్రి తోడల్లుడు, అంటే భార్య చెల్లెలి మొగుడు. కొండల మీద కరెంటు స్తంభాలు వేయించే కాంట్రాక్టరు. మామూలు కార్లు ఆ రోడ్ల మీద నెలకోసారి మంచం పడుతున్నాయని, నాలుగు చక్రాలూ లాగే ఖరీదైన బండి మీద మనసు పడ్డాడు. కొత్తది కొనేంత తాహతు ఇంకా రాలేదు. ఈ ఇంటి అయ్యగారు పోయాక అమ్మగారు ఇంత బండి నాకెందుకని అమ్మకానికి పెట్టారు. ఒక్కటే కోరారు ఆవిడ. వీలైతే బండితో పాటు డ్రైవర్నీ పెట్టుకోమన్నారు. "అదృష్టం కాదూ?" అన్నాడు తోడల్లుడు. "కానీ అన్నయ్యా, మీరు సరేనంటేనే."

మేస్త్రి పని మొదలుపెట్టాడు. నూనె పోసే మూత విప్పి లోపలి వైపు వేలితో రాశాడు. తెల్లటి నురగ ఉంటే నీళ్ళు కలుస్తున్నట్టు. ఇక్కడ తేనెరంగు జిడ్డు తప్ప ఏమీ లేదు. రేడియేటరు నీళ్ళ మీద నూనె తెట్టు లేదు. డ్రైవరు సీటు బెల్టుని చివరి వరకు లాగి, ఎప్పుడూ వెలుగు చూడని ఆ చివరి జానెడు మేర వాసన చూశాడు. వరదలో మునిగిన బండి ఎంత కడిగినా అక్కడ బురద గీత దాచలేదు. ఈ బెల్టు చివర కొత్త గుడ్డలా ఉంది. బానెట్ కింద మడ్‌గార్డుల బోల్టుల మీద కంపెనీ రంగు పగలకుండా అలాగే ఉంది, అంటే వాటిని ఎవరూ విప్పలేదు. స్టీరింగు కింద తన చిన్న యంత్రం తగిలించి కంప్యూటరు ఏమంటుందో చూశాడు. ఏ ఫిర్యాదూ లేదు. ఉన్న ఫిర్యాదుల్ని నిన్నో మొన్నో తుడిచిన జాడా లేదు. ఇలాంటి బండ్లు స్ప్రింగుల మీద కాదు, గాలితిత్తుల మీద నిలబడతాయి. తిత్తి పాడైతే రాత్రి పెట్టిన బండి పొద్దుటికి ఒక మూల కుంగి, కాలు నొప్పి ఉన్నవాడిలా నిలబడుతుంది. నాలుగు మూలలూ జానతో కొలిచాడు. తేడా లేదు. చివరికి వెల్లకిలా పడుకుని కిందికి దూరాడు. ఇంజను కింద ఉండే ఇనప పళ్ళేనికి మాత్రం నాలుగు బోల్టులు కొత్తవి మెరుస్తున్నాయి.

"తుప్పు పడితే నేనే మార్చాను," అంది పైనుంచి డ్రైవరు గొంతు, అతను అడక్కుండానే.

నడిపి చూడాల్సిన వేళ డ్రైవరు తాళాలు అందించి వెనక్కి జరిగాడు. "మీరిద్దరే వెళ్ళిరండి. నేనుంటే మనసు విప్పి మాట్లాడుకోలేరు."

ఊరి చివర ఇళ్ళ స్థలాల కోసం మట్టి తోలిన చోటికి తీసుకెళ్ళాడు మేస్త్రి. చిన్నగేరు వేసి, ఒక ముందు చక్రం గుట్ట మీద, దానికి ఎదురుమూల వెనక చక్రం గోతిలో పడేలా ఎక్కించి ఆపాడు. ఒక చక్రం గాలిలో వేలాడుతోంది. ఒంట్లో వంకర ఉన్న బండి అయితే అలా మెలిపడ్డప్పుడు తలుపులు బిగుసుకుంటాయి. దిగి ఒక్కో తలుపూ తెరిచి వేశాడు. నాలుగూ ఒకే చప్పుడుతో, బరువుగా, మెత్తగా పడ్డాయి. మేస్త్రికి ఒళ్ళు పులకరించింది. చెయ్యి తిరిగిన మనిషి శ్రద్ధగా పెంచిన బండి అది. కళ్ళు మూసుకుని తీసుకో తమ్ముడూ, అన్న మాట నాలుక చివరికి వచ్చేసింది.

తోడల్లుడే ముందు మాట్లాడాడు.

"ఒక్క మాట అన్నయ్యా, ఏమీ అనుకోనంటే."

"చెప్పు."

"ఇది తీసుకున్నాక మీరు షెడ్డు మూసేసి నా దగ్గరికి వచ్చేయకూడదూ? లారీలు, జీపులు, ఇదీ, అన్నీ మీ చేతికిందే ఉంటాయి. బయటివాళ్ళకిచ్చే జీతం మనింట్లో మనిషికే ఇస్తే నాకూ నిశ్చింత. ఈ వయసులో ఆ రేకుల కింద ఎందుకు మాడటం చెప్పండి. వదిన కూడా మా ఆవిడతో అదే బాధపడిందట."

మనసులో ఏ కల్మషం లేని మనిషి. ఆ మాట అనడానికి మొహమాటపడి, గడ్డం గోక్కుంటూ, బయటికి చూస్తూ అన్నాడు. కానీ మేస్త్రికి జీతం అన్న మాట ఒక్కటే వినపడింది. ఆ వెనకే వదిన అన్న మాట. మామగారింటి ముందు ఈ బండి ఆగడం, తోడల్లుడు వెనక సీట్లోంచి దిగడం, పెద్దల్లుడైన తాను తలుపు తీసి పట్టుకుని నిలబడటం కళ్ళముందు కదిలాయి.

"సరే, అది తీరిగ్గా ఆలోచించండి. బండి ఎలా ఉందన్నయ్యా?"

"వద్దు," అన్నాడు మేస్త్రి.

తోడల్లుడు తిరిగి చూశాడు.

"ముందు దెబ్బ తిన్న బండి. ఛాసిస్ లాగి సరిచేశారు. పైన పటారం, లోన లొటారం. కొండ దిగేటప్పుడు ఏదో ఒకరోజు పక్కకి లాగేస్తుంది. ప్రాణాలతో పని."

నరం లేని నాలుక అంటారు. ఎంత తేలిగ్గా తిరిగిందో అతనికే ఆశ్చర్యమేసింది. పైగా మాట అనేశాక లోపల ఏదో చల్లబడింది కూడా. "అమ్మగారితో ఇవేమీ చెప్పకు," అన్నాడు బండి వెనక్కి తిప్పుతూ. "నచ్చలేదని చెప్పు, చాలు."

"అదేంటన్నయ్యా, చెప్పొద్దూ? పాపం ఆవిడకి తెలిసుండదు. ఎవరో ఆవిణ్ని మోసం చేశారన్నమాట."

చెప్పాడు. వరండాలో, అమ్మగారి ఎదురుగా నిలబడి, మేస్త్రి అన్నది అన్నట్టు చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని డ్రైవరు వైపు తిరిగింది.

"ఎప్పుడు తగిలింది?"

"ఎప్పుడూ తగల్లేదమ్మా."

"మరి ఆయన అబద్ధం చెబుతారా? ఆయనకేం అవసరం?"

ముగ్గురూ మేస్త్రిని చూశారు. అతను నూనె గుడ్డతో వేళ్ళ సందులు తుడుచుకుంటున్నాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న వేళ్ళని మళ్ళీ మొదట్నుంచి తుడవడం మొదలుపెట్టాడు. అప్పుడైనా నోరు విప్పి ఉండవచ్చు. విప్పాడు కూడా.

"కింద పళ్ళెం బోల్టులు కొత్తవి," అన్నాడు.

అది నిజం. అబద్ధం కూలిపోకుండా ఆ నిజాన్ని పట్టుకొచ్చి గుంజలా పాతాడు.

"అవి నేనే మార్చానని చెప్పాను కదా మేస్త్రీ, తుప్పు పట్టి..."

"నువ్వు మార్చావా?" అంది అమ్మగారు. "నాతో ఎప్పుడూ చెప్పలేదే."

"బోల్టులకి కూడా చెప్పాలా అమ్మా?"

డ్రైవరు భుజం మీది పచ్చగుడ్డ తీసి, మడత విప్పి, మళ్ళీ అదే మడత పెట్టాడు.

*

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేసరికి బల్ల మీద పళ్ళబుట్ట ఉంది. మేస్త్రి భార్య ముఖం వెలిగిపోతోంది.

"మా చెల్లి పంపించింది. ఫోన్లో ఏడ్చినంత పనిచేసింది. బావగారే లేకపోతే మా ఆయన ఆ కొండల్లో ఏమైపోయేవాడో అని. మరిదిగారు కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకుంటున్నారట మీ గురించి. మా నాన్న కూడా ఫోన్ చేశాడు. పెద్దల్లుడి కన్ను పడితే ఇనుము కూడా నిజం కక్కాల్సిందే అన్నాడు."

మామగారు అతన్ని మెచ్చుకోవడం ఇదే మొదలు. మేస్త్రి కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు. ఎన్నాళ్ళుగానో వినాలనుకున్న మాట అది. తీరా వచ్చేసరికి, పొరపాటున మన చిరునామాకి వచ్చిన ఎవరిదో పార్శిల్‌లా అనిపించింది.

"నువ్వు నా గురించి మీ చెల్లితో ఏమన్నావు?"

"ఏమన్నాను?"

"నా ఉద్యోగం గురించి."

"ఉద్యోగమేంటి?" ఆమె గరిటె ఆపి చూసింది. "ఎండకి ఆ రేకుల కింద మాడిపోతున్నారు, పైన ఏదైనా కప్పించమంటే వినరు అన్నాను. ఉద్యోగం అని ఎవరన్నారు? మీరు ఒకరి కింద పనిచేసే మనిషా? ఆ సంగతి నాకు తెలియదా?"

మేస్త్రి కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. నీళ్ళు తాగాడు. కోపానికి కారణమైనా ఉందని నిన్నటి నుంచీ తనకి తాను సర్దిచెప్పుకుంటున్నాడు. ఆ కాస్త ఆసరా కూడా పోయింది.

"అన్నట్టు," అంది ఆమె, ఇంకో గరిటెడు వడ్డిస్తూ, "ఆ డ్రైవర్ని ఆవిడ మాన్పించేసిందట. తాళాలు తీసేసుకుందట. మంచి పని చేసింది. నమ్మి ఇల్లప్పగిస్తే బండి ఎక్కడో గుద్దేసి, గుట్టుగా బాగుచేయించి, నోరు మూసుకుని కూర్చుంటాడా? ముసలివాడైతే మాత్రం."

మేస్త్రి కంచంలోంచి తల ఎత్తలేదు.

"కూర బాలేదా?"

"బాగుంది."

"మరి తినరే?"

*

ఆ మర్నాడు షెడ్డులో ఒక లారీ కింద పడుకుని గేరుపెట్టె బోల్టులు విప్పుతున్నాడు. పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. కింద పడుకున్నవాడికి మనుషులు మోకాళ్ళ దాకానే కనపడతారు. కత్తి అంచులాంటి ఇస్త్రీ మడత చూసి ఎవరో గుర్తుపట్టాడు. చేతిలో పాన జారి ఛాతీ మీద పడింది. దెబ్బ తగిలినా నోట్లోంచి చప్పుడు రానివ్వలేదు.

"పని కానివ్వండి మేస్త్రీ. తొందరేం లేదు," అన్నాడు డ్రైవరు. పాత టైరు ఒకటి దగ్గరికి లాక్కుని కూర్చున్న చప్పుడైంది.

విప్పాల్సినవి అయిపోయాయి. మేస్త్రి వాటిలో రెండు మళ్ళీ బిగించాడు. మళ్ళీ విప్పాడు. ఎంతసేపని లారీ కింద కాపురం ఉంటాడు? చివరికి పాకుతూ బయటికి వచ్చి, ముఖం తుడుచుకునే నెపంతో కాసేపు గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు.

"పోట్లాడ్డానికి రాలేదు," అన్నాడు డ్రైవరు. ముఖం పీక్కుపోయి ఉంది. గడ్డం మాత్రం నున్నగా గీసుకునే వచ్చాడు. "తెలుసుకుందామని వచ్చాను. మీరు ఎక్కడ చూశారో కాస్త చెబుతారా?"

"ఎక్కడంటే..."

"తాళాలిచ్చే ముందు అమ్మగారి అనుమతి అడిగి ఒకసారి కిందికి దూరి చూశాను. నాకేమీ కనపడలా. కళ్ళు మసకేశాయేమోనని చేత్తో తడుముకుంటూ పోయాను, ఈ చివర్నుంచి ఆ చివరికి. అతుకు తగల్లేదు, వంకర తగల్లేదు. ఇన్నేళ్ళు దాని కింద పడుకుని కడిగినవాణ్ని. నా కంటికి ఆనలేదంటే సిగ్గుగా ఉంది మేస్త్రీ. నేనసలు ఏం చూస్తున్నట్టు ఇన్నాళ్ళూ?"

మేస్త్రి చేతిలోని గుడ్డని మెలిపెట్టాడు.

"అయ్యగారబ్బాయి ఒకసారి స్నేహితులతో కలిసి తీసుకెళ్ళాడు. వారం ఉంచుకుని తెచ్చాడు. అప్పుడేమన్నా తగిలిందా, ఎక్కడన్నా చేయించి తెచ్చాడా అని నిన్నంతా ఆ కుర్రాడి మీద అనుమానం పెట్టుకున్నాను. నా చేతుల్లో స్టీరింగు పట్టడం నేర్చుకున్న పిల్లాడు. వాణ్ని దొంగని చేశాను, మనసులోనే. ఏం చెయ్యను? మీలాంటివాళ్ళు ఊరికే అనరు కదా."

దూరంగా ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్నారు. ఆయన జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు, బడిలో లెక్క తప్పిన పిల్లాడు పంతులు వైపు చూసినట్టు. ఇంతకన్నా చొక్కా పట్టుకుని నాలుగు తగిలించినా బాగుండునని మేస్త్రికి అనిపించింది. లేదు, అబద్ధం చెప్పాను అనే రెండు మాటలు గుండెలోంచి బయల్దేరి గొంతు దాకా వచ్చి, అక్కడ తేలు కుట్టిన దొంగల్లా నక్కాయి.

"మళ్ళీ... మళ్ళీ ఒకసారి చూసి చెబుతాను," అన్నాడు.

డ్రైవరు ముఖం విప్పారింది. "చూస్తారా? అంతే చాలు. మీరు మళ్ళీ చూసి ఇదిగో ఇక్కడ అని చూపిస్తే ఒప్పేసుకుంటాను. తెలియక జరిగిందని అమ్మగారికి చెప్పుకుంటాను." లేచి, కూర్చున్న టైరుని మళ్ళీ దాని చోట్లోకి దొర్లించి, చేతులు దులుపుకున్నాడు. "మీ పని పాడుచేశాను. వస్తా మేస్త్రీ."

మేస్త్రి ఆ పూట ఇంకేం పని చెయ్యలేదు. లారీ యజమాని వచ్చి గేరుపెట్టె ఇంకా దించలేదేమని గొణిగితే, ఒంట్లో బాగాలేదన్నాడు. ఆ రోజుకి అతను పలికిన నిజమైన మాట అదొక్కటే.

*

తోడల్లుడి సరుకు నిలవచేసే స్థలం ఊరి బయట ఉంది. సిమెంటు స్తంభాలు, తీగల చుట్టలు, స్తంభాలకి బిగించే పింగాణీ కప్పులు గుట్టలుగా పోసి ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే మేస్త్రి వెళ్ళేసరికి తోడల్లుడు లారీలోకి స్తంభాలెక్కిస్తున్న కూలీలకి ఎదురుగా నిలబడి చేతులూపుతున్నాడు. చూడగానే పరుగున వచ్చాడు.

"కబురుపెడితే నేనే వచ్చేవాణ్ని కదన్నయ్యా."

"ఆ బండికేం లేదు తమ్ముడూ."

"ఏ బండికి?"

"అమ్మగారి బండికి. దెబ్బా లేదు, గిబ్బా లేదు. నేను చూసిన పాత బండ్లలో అంత మంచిది లేదు. తీసుకో."

తోడల్లుడు కాసేపు అతని ముఖంలోకి చూసి మెల్లగా నవ్వాడు. "ఆ డ్రైవరు మీ దగ్గరికి వచ్చాడా?"

"వచ్చాడు. కానీ..."

"అనుకున్నాను. మా దగ్గరికీ వచ్చాడు మీ షెడ్డు ఎక్కడో అడగడానికి. మీ గుండె వెన్న అన్నయ్యా. ముసలాయన రెండు కన్నీళ్ళు పెట్టుకోగానే కరిగిపోయారు. ఆయనకి ఇంకోచోట ఏదైనా పని చూద్దాంలెండి, నేనూ అడుగుతాను. కానీ అందుకోసం ప్రాణాల మీదికి తెచ్చుకుంటామా?"

"జాలితో చెప్పట్లేదు. నిజం చెబుతున్నాను."

"మీరు నిజం మొన్ననే చెప్పారు. మీరంత గట్టిగా చెప్పాక ఇంకేముంది?" భుజం మీద చెయ్యి వేశాడు. "టీ తాగుదాం రండి."

అబద్ధం చెప్పినప్పుడు మారుమాట్లాడకుండా నమ్మిన మనిషి, నిజం చెబితే నమ్మడం లేదు. పైపెచ్చు దానికో మంచి పేరు పెట్టి నెత్తిన పెట్టుకుంటున్నాడు. ఇక దాన్ని కడగాలంటే లోపలున్న మురికి అంతా బయట పొయ్యాల్సిందే తప్ప వేరే దారి లేదు. మేస్త్రి ఆ చేతిని భుజం మీంచి తీసేశాడు.

"కుళ్ళుతో చెప్పాను."

"ఏంటి?"

"నీ మీద కుళ్ళుతో. నువ్వు అందులో తిరుగుతుంటే చూడలేనని. షెడ్డు మూసేసి జీతానికి రమ్మన్నావు చూడు, అప్పుడు పుట్టింది. కాదులే, అంతకు ముందే ఉన్నట్టుంది, అప్పుడు బయటపడింది. నాలుగు తలుపులూ చక్కగా పడ్డాయని విని, నా చెవులతో విని, ఆ వెంటనే నీకా మాట చెప్పాను. బోల్టుల సంగతి కూడా ఆయన చెప్పింది నిజం."

కూలీలు "ఐసా" అంటూ ఒక స్తంభాన్ని లేపి లారీలోకి తోశారు. తోడల్లుడు తీగ చుట్ట మీద కూలబడ్డాడు. చాలాసేపు నేల మీది గులకరాళ్ళని బూటుతో అటూ ఇటూ జరిపాడు.

"జీతం అనకూడదని నాకు తెలుసు," అన్నాడు చివరికి. "ఇంకే మాట వాడాలో తెలియలేదు. ఎలా అడగాలా అని రెండ్రోజులు మా ఆవిణ్ని చంపుకుతిన్నాను. మీరు పక్కనుంటే ధైర్యంగా ఉంటుందని... చెప్పడం రాలేదు."

నువ్వు నన్ను తిట్టు తమ్ముడూ, అందామనుకున్నాడు మేస్త్రి. తిట్టించుకోవడం కూడా ఒక సుఖమే అనిపించి ఊరుకున్నాడు.

తోడల్లుడు లేచాడు. ఈసారి అన్నయ్యా అనలేదు. "పదండి," అన్నాడు.

*

అమ్మగారు ఫోన్ చేస్తే డ్రైవరు నడిచి వచ్చాడు. చెమట తుడుచుకుని, వరండా మెట్టు కింద ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాడు. పోర్టికోలో బండి మీద రెండు మూడు రోజుల దుమ్ము పట్టి ఉంది. ఆయన చూపు ముందు దాని మీదికే పోయింది.

"మళ్ళీ చూశారా మేస్త్రీ? ఎక్కడ?"

"ఎక్కడా లేదు," అన్నాడు మేస్త్రి. "మొదట చూసినప్పుడే ఏమీ లేదు. అబద్ధం చెప్పాను. మీ బండికేం లేదు. మీ తప్పేం లేదు."

అమ్మగారు కుర్చీ చేతులు పట్టుకుని ముందుకు వంగింది. డ్రైవరు మాత్రం కదల్లేదు.

"అయితే కుర్రాడు కూడా ఏమీ చెయ్యలేదన్నమాట," అన్నాడు ముందు. ఆ తరువాత, "నేను మీకేం చేశాను మేస్త్రీ? ఏదైనా మాట జారానా? నిలబడి చూస్తూ మీ పనికి అడ్డొచ్చానా? చెప్పండి, నాకు గుర్తులేదు."

"లేదు. మీరేం చెయ్యలేదు. ఇతని మీద అసూయ." మేస్త్రి పక్కనున్న తోడల్లుణ్ని చూపించాడు. "బండి ఇతనికి దక్కకూడదని చెప్పాను. మీ సంగతి... అప్పుడు మీ సంగతి ఆలోచించలేదు."

"ఓహో," అన్నాడు డ్రైవరు. మేస్త్రిని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు నిదానంగా చూశాడు. "అంటే నామీద కోపం కూడా కాదు. నేనసలు మీ కంటికే ఆనలేదన్నమాట."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఒక లెక్క తేలినట్టు అన్నాడు, అంతే. చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. అద్దెకారులో అమ్మగారిని పంపి, చల్లటి బండిని తన అరచేతికి అప్పగించిన మనిషి. సీటు బెల్టు చివరి జానెడు కూడా చూసిన తాను, ఎదురుగా నిలబడ్డ ఈయన్ని చూడలేదు.

అమ్మగారు లేచి లోపలికి వెళ్ళి తాళాలు తెచ్చింది. మెట్టు దిగి వచ్చి ఆయనకి అందించబోయింది.

"నేను తొందరపడ్డాను. తీసుకో."

డ్రైవరు చేతులు కట్టుకునే ఉన్నాడు. "వద్దమ్మా."

"ఆయనే ఒప్పుకున్నాక ఇంకేమిటి?"

"ఆయన ఒప్పుకున్నారు గనక ఇస్తున్నారు. ఒప్పుకోకపోతే?" నెమ్మదిగానే అన్నాడు. "ఆయన కొత్త మనిషి, నేనెవరో తెలియదు. మీకు తెలుసు కదమ్మా. ఆ పూట మీరు నన్ను అడగలేదు. ఎప్పుడు తగిలింది అన్నారు. తగిలిందా అని అడగలేదు."

ఆవిడ తాళాలున్న చెయ్యి మెల్లగా దించుకుంది. తోడల్లుడు గొంతు సవరించుకున్నాడు.

"నా దగ్గరికి రండి పెద్దాయనా. బండి నేను తీసుకుంటున్నాను. మీరే నడపండి. నేను మిమ్మల్ని అలా..."

"తీసుకోండి బాబూ, మంచి బండి. మేస్త్రి చెప్పారుగా, ఇప్పుడు చెప్పిందే నమ్మండి." డ్రైవరు పెదవుల మీద చిన్న నవ్వులాంటిది మెదిలి పోయింది. "వానలో కొండ దిగేటప్పుడు కంగారుపడి బ్రేకు తొక్కకండి. చిన్నగేరులో వేసి వదిలేయండి, అదే పట్టుకుని దిగుతుంది. భయపడకపోతే అది మనకి ద్రోహం చెయ్యదు. నాకు మాత్రం ఇంక చాలు. కాళ్ళు కూడా లాగేస్తున్నాయి."

అమ్మగారికి నమస్కారం పెట్టి వెనక్కి తిరిగాడు. పోర్టికో దాటేటప్పుడు బండి అద్దం మీది దుమ్ముకేసి చెయ్యి దానంతటదే లేచింది. సగంలో ఆపి, జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అమ్మగారు కుర్చీలో కూర్చుని కళ్ళజోడు పెట్టుకుంది, మళ్ళీ తీసింది. మేస్త్రికి అక్కడ నిలబడటానికి నేల చాలలేదు. ఎవరితోనూ ఏమీ చెప్పకుండా గేటు తీసుకుని రోడ్డు మీదికి వచ్చాడు.

ఎండ నడినెత్తికి వచ్చింది. డ్రైవరు కాస్త ముందు, రోడ్డు అంచున, ఒకే తీరుగా అడుగులు వేసుకుంటూ పోతున్నాడు. మేస్త్రి గబగబా నడిచి ఆయన వెనక రెండడుగుల దూరంలోకి చేరాడు. చెప్పాలనుకున్న మాటలు చాలా ఉన్నాయి. క్షమించమని అడగాలి. అడిగితే ఆయన సరేలెండి అంటాడు, అలాంటి మనిషి. ఆ సరేలెండి పుచ్చుకుని ఇంటికిపోయి అన్నం తినడం తన వల్ల అవుతుందా? పక్కకి వచ్చి నడిచే ధైర్యం చాలలేదు. అలాగే వెనకే నడిచాడు. మలుపు వచ్చింది, తిరిగారు. సైకిళ్ళ దుకాణం దాటారు. ఆయన వెనక్కి చూడలేదు. అలాగని అడుగు వేగం పెంచనూ లేదు.

"మేస్త్రీ," అన్నాడు చివరికి, తల తిప్పకుండానే. "మీ కుడికాలి చెప్పు వారు తెగేలా ఉంది. చప్పుడు తేడాగా వస్తోంది. చూసుకుని నడవండి."

మేస్త్రి ఆగి వంగి చూశాడు. నిజమే, వారు ఒక్క పోగు మీద నిలబడి ఉంది. చెప్పులు రెండూ విప్పి చేత్తో పట్టుకుని, కాలుతున్న రోడ్డు మీద, ఆయన వెనకే నడిచాడు.